కొత్త తినకముందు చేసిన పిజ్జా

మా ఇంట్లో పిజ్జా నా భార్య వంట. ఓవెన్ లేదు. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద దోసెల పెనం పెట్టి, దాని మీద రొట్టె పరిచి, పైన ఇనుప మూకుడు బోర్లించి, ఆ మూకుడు మీద నిప్పులు పోసేది. ఫోన్‌లో ఎవరో ఓవెన్‌లో చేస్తుంటే చూసి, కింద వేడి, పైన వేడి ఉంటే సరిపోతుంది కదా అనుకుంది. అంతే. పిండి పొంగడానికి జీలుగు చెట్టు కల్లు పోసేది. పొద్దున చెట్టు నుంచి దించిన కల్లు మధ్యాహ్నానికి పులుస్తుంది. ఆ పులుపుకి పిండి లేస్తుంది. తర్వాత అరకు కొట్లలో ఈస్ట్ ప్యాకెట్లు వచ్చాయి. ఆమె కల్లు మానలేదు.

మైదా ఒక్కటే వేసేది కాదు. సగం కొర్ర పిండి కలిపేది. అందువల్ల రొట్టె కొంచెం గట్టిగా, అంచుల్లో పెళుసుగా వచ్చేది. మా అమ్మాయి అంచులు వదిలేసేది. పెనం మీద ఒకటి దిగితే గానీ రెండోది ఎక్కదు కాబట్టి మేమిద్దరం ముందు తినేవాళ్లం. ఆమె పొయ్యి దగ్గరే ఉండేది. ఆఖరుది ఆమెది. అది ఎప్పుడు తిన్నదో, ఎలా తిన్నదో నేను చూడలేదు. ఇప్పుడు గుర్తు తెచ్చుకుందామంటే చూసినదేదీ లేదు.

మొన్న మాఘమాసంలో ఆమె పోయింది. కడుపులో జబ్బు. విశాఖకీ అరకుకీ మధ్య చాలాసార్లు తిరిగాం. దాని గురించి ఇంతకన్నా రాయను. సంతాప సభకి ఏదైనా రాసి తెమ్మని కాలేజీలో తోటివాళ్లు అడిగారు. నేను అక్కడ తెలుగు చెబుతాను. ఇలాంటివి రాయడం నాకు సులువని వాళ్ల నమ్మకం. కూర్చున్నాను. రాసిన ప్రతి వాక్యం ఎవరి భార్య గురించైనా రాయదగ్గదిగా ఉంది. చింపేశాను.

నాది విజయనగరం వైపు మైదాన ప్రాంతం. ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఆమెది హుకుంపేట దాటాక కొండ మీది పల్లె. ఆమె ఆశ్రమ పాఠశాలలో లెక్కల టీచరు. ఆ పల్లెలో ఒక పద్ధతి ఉంది. ఏ పంటైనా కొత్తగా చేతికి వస్తే వెంటనే నోట్లో పెట్టుకోరు. పెద్దలు ఒక రోజు చెబుతారు. ఆ రోజు కొత్త గింజ వండి, ముందు ఆ ఇంట్లో చనిపోయినవాళ్లకి ఆకులో పెడతారు. వాళ్లు తిన్నాక బతికున్నవాళ్లు తింటారు. దాన్ని కొత్త అంటారు. మామిడికి వేరే కొత్త, చిక్కుడుకి వేరే, కొర్రలకి వేరే. ఆమె అరకులో ఉన్నా, జీతం తీసుకుంటున్నా, ఈ పద్ధతి వదల్లేదు. అరకు బజారుకి వచ్చిన చిక్కుళ్లు నేను కొనుక్కొస్తే, పల్లెలో కొత్త అయ్యేదాకా అవి బుట్టలోనే ఎండేవి.

నేను వేళాకోళం చేసేవాణ్ని.

"మీ వాళ్లంతా భోజనాలు చేసేదాకా నేను పస్తుండాలా?"

"ఒకనాటికి మీరూ ఆ వరసలోకే వస్తారు గదా. అప్పుడు ముందు మీకే పెడతాను. బెంగ పెట్టుకోకండి," అనేది.

ఆమే ముందు వెళ్లింది. ఈ ఏడు కొర్రల కొత్తకి ఆమె కూడా ఆ వరసలో ఉంటుంది. ఆ సంగతి నాకన్నా ముందు మా అమ్మాయికి తట్టింది. దానికి పదేళ్లు. వానాకాలం మొదట్లోనే అమ్మమ్మని అడిగింది.

"అమ్మకి ఆకు నేను పెడతాను అమ్మమ్మా. మామయ్య కాదు. నేనే."

"నువ్వే ఎట్టు. మీ అమ్మకి నువ్వు కాక ఎవులెడతారు?" అంది మా అత్త.

అప్పటి నుంచి అమ్మాయి ఆ రోజు కోసం చూస్తూనే ఉంది. బళ్లో స్నేహితులకి కూడా చెప్పింది. అమ్మ ఎప్పుడూ ఆఖర్న తినేది, ఇప్పుడు అందరికన్నా ముందు తింటుంది అని. తల్లి పోయాక దాని నోట సంతోషంగా వచ్చిన మాట అదొక్కటే.

ఈసారి వానలు తెరిపివ్వలేదు. పల్లె పెద్దలు రోజు చెప్పలేదు. అత్త పల్లెలోనే తన కొడుకు ఇంట్లో ఉంటుంది. వాళ్ల గోడలు చెమ్మెక్కాయని, దంచిన కొత్త కొర్రలు ఒక మూట తెచ్చి మా అటక మీద పెట్టింది.

"పండగనాడు పట్టుకెల్దాం. ఇక్కడైతే పొడిగా ఉంటాది," అంది.

అటక మీద అప్పటికే ఇంకో మూట ఉంది. అదీ కొర్రలే, నిరుటివి. నా భార్య బాగుచేసి, దంచి, పాత చీర అంచు చింపి కట్టిన మూట. ఆమె ముడి వేరుగా ఉంటుంది. రెండు చుట్లు చుట్టి, కొసని లోపలికి దోపి బిగించేది. ఆమె పోయాక ఇల్లంతా సర్దాను. చీరలు ఇచ్చేశాను. మందులు పారేశాను. ఆ మూట మాత్రం ముట్టుకోలేదు. ముడి విప్పితే మళ్లీ అలా కట్టడం నాకు రాదు.

ఒక ఆదివారం అమ్మాయి పిజ్జా అడిగింది. ఆమె పోయాక ఆ మాట ఇంట్లో ఎవరం అనలేదు. పోయిన నెల విశాఖ వెళ్లినప్పుడు కొన్న చీజ్ ఫ్రిజ్‌లో ఉంది. టమాటాలున్నాయి, ఉల్లిపాయలున్నాయి, ఒక క్యాప్సికం ఉంది. మైదాయే తక్కువైంది. ఘాట్ రోడ్డు మీద కొండచరియ పడి లారీలు రాలేదు. తిరిగిన మూడు కొట్లలోనూ లేదన్నారు.

"అమ్మ కొర్ర పిండి కలిపేది కదా నాన్నా. అది ఎక్కువ వేద్దాం," అంది.

అటక ఎక్కాను. రెండు మూటలూ పక్కపక్కనే ఉన్నాయి. చెయ్యి ముందు ఆమె మూట మీదికే వెళ్లింది. ముడి తగిలింది. చెయ్యి తీసేశాను. రెండోది దించాను.

అది ఎవరు తెచ్చారో నాకు తెలుసు. ఎందుకు తెచ్చారో తెలుసు. కొత్త ఇంకా కాలేదనీ తెలుసు. అయినా ఆ మూడూ ఆ నిమిషంలో ఒకదాని పక్కన ఒకటి రాలేదు. మరిచిపోయానంటే సరిగ్గా చెప్పినట్టు కాదు. ఆ ముడి విప్పకుండా పని జరగాలి, అంతకుమించి నాకు వేరే ఆలోచన లేదు.

మిక్సీ పట్టాను. మూత తీయగానే వాసన వచ్చింది. పచ్చి వాసన కాదు, కమ్మటి వాసన. పాత కొర్రకి అది ఉండదు. అప్పుడైనా తెలియాల్సింది. "ఏంటి నాన్నా ఇంత బాగా వాసనొస్తోంది?" అని అమ్మాయి గిన్నెలో ముక్కు పెట్టి చూసింది. పక్కింటాయన చెట్టు నుంచి దించిన కల్లు ఒక గ్లాసు ఇచ్చాడు.

"ఏటి మాస్టారూ, ఆదివారం పూట మొదలెట్టినారా?"

"పిండిలోకండీ."

"అందరూ అలగే అంటారు," అన్నాడు.

అమ్మాయి నవ్వింది. చాలా రోజులకి నవ్వింది.

మొదటిది మాడింది. మూకుడు చల్లగా ఉండగా బోర్లించాను, పైన కాలేలోపు కింద నల్లబడింది. రెండోదానికి మూకుడుని ముందే మంట మీద కాల్చి, అప్పుడు బోర్లించాను. ఆ సంగతి నా భార్యకి ఎందుకు తట్టలేదో అనుకున్నాను. మెచ్చుకోలుగా కాదు, ఆమె మీద చిన్న గెలుపులా అనుకున్నాను. మూత తీస్తే చీజ్ బంగారు రంగులో పొంగి ఉంది. రొట్టె మెత్తగా లేచింది. అంచులు కూడా మెత్తగానే ఉన్నాయి.

అమ్మాయి అంచుతో సహా తినేసింది.

"అమ్మ చేసినదానికన్నా బాగుంది నాన్నా," అంది. అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పరవాలేదు," అన్నాను.

పరవాలేదని నాకు అనిపించలేదు. అయినా తిన్నాను. ఇంకో ముక్క తీసుకున్నాను. ఇంకొకటి. ఆమె పోయిన తర్వాత నేను ఆకలితో తిన్న మొదటి తిండి అది. అంతకుముందు గడియారం చూసుకుని తినేవాణ్ని. ఆ పూట పళ్లెం తుడుచుకుని తిన్నాను. చేతులు కడుక్కుంటూ పెరట్లో ఆ పొయ్యి వైపు చూడలేకపోయాను.

శుక్రవారం అరకు సంతకి మా అత్త వచ్చింది. సంత నుంచి నేరుగా ఇంటికి వచ్చి, అల్లం, పచ్చిమిరపకాయలు గట్టు మీద పోసింది. అమ్మాయి ఆగలేక చెప్పేసింది.

"అమ్మమ్మా, ఆదివారం మేం పిజ్జా చేసుకున్నాం."

"మైదా ఏదే? కొట్లలో లేదన్నారు గదా."

"కొంచెమే మైదా. మిగతాది కొర్ర పిండి. నాన్న మిక్సీ పట్టాడు."

అత్త చేతిలో అల్లం ముక్క అలాగే ఉండిపోయింది.

"ఏ కొర్ర?"

అమ్మాయి అటక వైపు చూపించింది. అత్త నా వైపు తిరిగింది.

"ఏటి బాబూ, నాను తెచ్చినదా?"

"పాతది అనుకున్నాను అత్తా," అన్నాను. అది పూర్తిగా నిజం కాదని అంటుండగానే తెలిసింది.

"పాతది దాని పక్కనే ఉంది గదా. దాన్నెందుకు ముట్టలేదు? నీకు ఫోను లేదేటి? ఒక్క మాట అడిగితే నోరు పడిపోద్దా?"

నా బదులు అమ్మాయి చెప్పింది.

"అది అమ్మ కట్టిన మూట అమ్మమ్మా. నాన్న ఎవరినీ ముట్టనివ్వడు."

అత్త ఆ అల్లం ముక్క గట్టు మీద పెట్టింది. తర్వాత స్టూలు లాక్కుని ఎక్కింది. ఆ వయసులో వద్దని నేను చెయ్యి చాచితే తోసేసింది. మూట దించి, నేల మీద కూర్చుని, ముడి చూసింది. గోటితో రాలేదు. పళ్లతో పట్టి లాగింది. నేను మొహం తిప్పుకోలేదు. చూస్తూనే ఉన్నాను. చీర అంచు ఊడి వచ్చింది. మూట నోరు తెరుచుకుంది. అడుగున గూడు కట్టి ఉంది. పురుగు.

"సూడు. నా కూతురు సేతి కష్టం పురుగులకెట్టినావు," అంది. "నిరుటిది ఊడ్సుకుని తిన్నాకనే కొత్తది ముట్టాల. నువ్వు పాతది దాసినావు, కొత్తది తిన్నావు. రెండూ ఎనక్కి సేసినావు బాబూ."

కోపంగా అనలేదు. కోప్పడితే బాగుండుననుకున్నాను.

అప్పటికి అమ్మాయికి అర్థమైంది. మొహం పాలిపోయింది.

"అంటే అమ్మకన్నా ముందు మేం తినేశామా?"

అమ్మమ్మ పక్కన వచ్చి కూర్చుంది.

"అమ్మకి తెలుస్తుందా?"

"తెలుస్తాది. తెలీకేం."

"ఇంక రాదా? నేను ఆకు పెట్టినా రాదా?"

అత్త చేట అందుకుని పాత కొర్రలు అందులో పోసి చెరగడం మొదలుపెట్టింది. పురుగు, పొట్టు ముందుకి దుమికి పడుతున్నాయి. చెరుగుతూనే చెప్పింది.

"దానికి కోపం వస్తాది. తిడతాది. తిట్టనీ. నువ్వు సిన్న గుంటవి, నీకు తెలీదు, నీ తప్పు లేదు. ఆకు నువ్వే ఎట్టాల. మీ నాన్న మాత్రం ఆ రోజు అందరూ తిన్నాక తింటాడు. ఆఖర్న. అప్పటిదాకా మంచినీల్లు తప్ప ఏటీ ముట్టకూడదు. ఇనబడిందా బాబూ?"

"వినబడింది," అన్నాను. శిక్ష తేలిక అనిపించింది. తేలికగా అనిపించినందుకు ఇంకా బాధనిపించింది.

ఆ సాయంత్రం చెరిగిన పాత కొర్రలు వండి పెట్టింది. అమ్మాయి తినలేదు. నేను తిన్నాను. పాత గింజ రుచి అది. కొంచెం చప్పగా, కొంచెం బిరుసుగా. నా భార్య చేసిన పిజ్జాకి ఉండే రుచి అదేనని అప్పుడు గుర్తుపట్టాను. ప్రతి ఏడూ కొత్త అయ్యేదాకా పాతదే తిని, తర్వాత కూడా పాతది ఊడ్చేదాకా అదే కలిపేది. రొట్టె గట్టిగా వచ్చింది ఆమెకి చేతకాక కాదు. నాది బాగా వచ్చిందంటే, అది ఆమెకి రావలసిన గింజ కాబట్టి.

మళ్లీ మామూలుగా తినడానికి అమ్మాయికి చాలా రోజులు పట్టింది. ఎదురుగా కూర్చుంటే నాలుగు ముద్దలు తిని లేచిపోయేది. బళ్లో చెప్పిన మాట ఇంక ఎవరి దగ్గరా అనలేదు. ఒక రోజు బడి నుంచి వచ్చి, "అమ్మ రాకపోతే ఎలా తెలుస్తుంది నాన్నా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఇన్నేళ్లూ ఆ పండక్కి వెళ్లి, వరండాలో కూర్చుని పేపరు చదువుకున్నవాణ్ని. అమ్మమ్మకి ఫోన్ చేసి కనుక్కుంది. ఆకు ముందు కోడిపెట్టని వదులుతారట. అది గింజ పొడిస్తే వాళ్లు వచ్చి తిన్నట్టు. పొడవకపోతే రానట్టు. ఫోన్ పెట్టేశాక అమ్మాయి కళ్లలో బెదురు చూశాను. అంతకన్నా తెలియకపోవడమే నయం.

వానలు తగ్గాయి. పెద్దలు రోజు చెప్పారు. ముందు రోజు సాయంత్రం బస్సులో హుకుంపేట వరకు వెళ్లి, అక్కడి నుంచి జీపు ఎక్కాం. కొత్త కొర్రల మూట అమ్మాయి ఒళ్లో పెట్టుకుంది. కిందికి దించనివ్వలేదు.

పొద్దున లేచేసరికి వాకిట్లో గంప బోర్లించి ఉంది. కింద ఎర్రటి కోడిపెట్ట కుదురు లేకుండా కదులుతోంది. అమ్మాయి వంగి చూసింది.

"దానికి మేత వేశారా అమ్మమ్మా? అరుస్తోంది పాపం."

"ఉండనీయే. దాని జోలికెల్లకు," అంది అత్త, మా వైపు చూడకుండా.

వంట అయింది. కొర్రన్నం, చిక్కుడుకాయ కూర. లోపల గోడ వార అడ్డాకులు పరిచారు. అత్త ఒక్కొక్కరినీ వరసతో పిలుస్తూ పెట్టింది. మామా, అత్తా, మా ఆయనా అంటూ. చివరి ఆకు దగ్గర ఆగి పక్కకి జరిగింది. అమ్మాయి కూర్చుంది. రెండు చేతులతో అన్నం తీసి పెట్టింది. కూర పెట్టింది. నీళ్లు పెట్టింది. ఆకు పక్కనే గుప్పెడు కొత్త గింజలు పోసింది.

"అమ్మా, ముందు మేం తినేశాం. తెలీలేదు," అంది మెల్లగా.

నేను గడప బయట నిల్చుని ఉన్నాను. మా ఇద్దరికీ తెలియదన్నట్టు అది చెప్పడం విన్నాను. తెలియదనేది దాని విషయంలోనే నిజం.

బావమరిది కోడిని తెచ్చి వదిలాడు. దాని కాలికి గుడ్డ పీలిక కట్టి ఉంది. గుర్తుపట్టాను. నా భార్య కట్టిన మూటకి ఉన్న చీర అంచే. సంత రోజున అత్త దాన్ని చేతిసంచిలో వేసుకుని వెళ్లింది.

కోడి బెదిరింది. ఇంతమందిని చూసి గోడకి ఆనుకుంది. తల అటూ ఇటూ తిప్పింది. ఆకు వైపు రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగింది. కోడి గుమ్మం వైపు నడవబోతే బావమరిది పీలిక కొస పట్టుకుని ఆపాడు. అమ్మాయి గడ్డం వణకడం మొదలైంది.

అత్త ఆకు ముందు గొంతుకూర్చుంది.

"ఏటే నీ అలక?" అంది. బతికున్న కూతురితో మాట్లాడినట్టే. "ఎప్పుడూ ఇంతే. పిలిస్తే ఒక్కపాలి రావు. గుంట ఆకలి మీదుంది. సానా రోజుల్నించి సరిగా తిన్నేదు. నీ మొగుడికి బుద్ధి లేదు, నిజమే, అది నీకు ముందే తెలుసు. గుంటేటి సేసింది? బేగి తిను. నువ్వు తింటే గాని అది తినదు."

ఎవరో నవ్వారు. నవ్వు మధ్యలో కోడి తల వంచింది. ఒక గింజ పొడిచింది. ఆగింది. మళ్లీ పొడిచింది. ఆ తర్వాత ఆగలేదు. ముందు రోజు నుంచి మేత లేని కోడి ఎలా తింటుందో అలా తిన్నది. అత్త లేచి నిలబడి, మోకాళ్లు దులుపుకుంది. నా వైపు ఒకసారి చూసింది. నేను ఏమీ అనలేదు.

అమ్మాయి అమ్మమ్మ నడుము పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, "నాకు ఆకలేస్తోంది," అంది.

దానికి పెట్టారు. ఊళ్లో వాళ్లు వచ్చారు, వాళ్లకి పెట్టారు. పిల్లలు, తర్వాత మగవాళ్లు, తర్వాత ఆడవాళ్లు. నేను అరుగు మీద కూర్చున్నాను. కొర్రన్నం వాసన లోపలి నుంచి వస్తోంది. మిక్సీ మూత తీసినప్పుడు వచ్చిన వాసనే. దాన్ని ఈసారి చాలాసేపు పీల్చుకుంటూ కూర్చోవాల్సి వచ్చింది. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని మా పళ్లేలకేసి చూస్తూ ఎంతసేపు ఉండేదో నేనెప్పుడూ అడగలేదు.

పొద్దు వాలాక బావమరిది భార్య పిలిచింది.

"రండన్నయ్యా. అడుగునున్నదే మిగిలింది. కొంచెం మాడింది. ఏటనుకోకండి."

ఆకు ముందు కూర్చున్నాను. అత్త వచ్చి గోడకి ఆనుకుని ఎదురుగా కూర్చుంది. అమ్మాయి ఆవిడ పక్కన చేరి, నేను ఎలా తింటానో చూస్తోంది. అన్నం చల్లారింది. మాడు వాసన తగిలింది. కూరలో చిక్కుడు గింజలే మిగిలాయి.

మొదటి ముద్ద పెట్టుకున్నాను. బాగుంది. బాగుండకూడదనుకున్నాను. చల్లగా, మాడి ఉన్నది ఎలా బాగుంటుందో తెలియదు. ఇంకో ముద్ద పెట్టుకున్నాను. తల ఎత్తకుండా ఆకంతా ఖాళీ చేశాను.

"ఇంకొంచెం ఎట్టమంటావా?" అంది అత్త.

అమ్మాయి నా వైపే చూస్తోంది.

పెట్టమన్నాను.